ఇంటి మరమ్మతు: గుత్తకా, రోజుకూలికా?

కడప నుండి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఆమె భర్త ఆరేళ్లుగా కువైట్‌లో ఉన్నారు. ఇంట్లో వృద్ధులైన అత్తమామలు, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు ఉన్నారు. తాతల నాటి బండల మిద్దె నిరుటి తుఫాను వానలకు రెండు గదుల్లో కారింది. వంటింటి గోడ ఉబ్బింది. భర్త పంపిన సొమ్ము కొంత కూడింది. మరిది ఒక కాంట్రాక్టరును తీసుకువచ్చారు. అతను ఇల్లంతా తిరిగి చూసి, ఒక మొత్తం చెప్పి, "తాళం చేతికిచ్చి వెళ్లండమ్మా, నాలుగు నెలల్లో కొత్త ఇల్లు చూపిస్తాను" అన్నాడట. అత్తగారికి ఇది నచ్చలేదు. తరతరాలుగా తమ ఇంటి పనులు చేసే బేల్దారి మేస్త్రీనే రోజుకూలికి పిలవాలని ఆమె పట్టుబడుతున్నారు. "ఈ రెండింటిలో ఏది మంచిది? ధర్మం ఏమంటుంది? తప్పు జరిగితే ఆరేళ్ల చెమట మట్టిపాలవుతుంది. ఆయనకు నేనేమని జవాబు చెప్పాలి?" అని సోదరి అడిగారు.

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో ఈ ప్రశ్న ఉంది. సంపాదించే మనిషి గల్ఫ్‌లోనో, బెంగళూరులోనో ఉంటారు. ఇల్లు కట్టించే బరువు ఇల్లాలిపై పడుతుంది. అందుచేత ఈ నెల ఈ విషయాన్నే కొంత విపులంగా పరిశీలిద్దాం.

పనివారు రెండు విధాలు

మన ఫిఖహ్ గ్రంథాలు పనివారిని రెండు విధాలుగా విభజించాయి. తన కాలాన్ని మనకు అప్పగించేవాడు అజీరె ఖాస్. అంటే రోజుకూలి. ఒక పనిని పూర్తిచేసి ఇస్తానని ఒప్పుకునేవాడు అజీరె ముష్తరక్. అంటే గుత్తదారు. ఉస్మానీ ఖిలాఫత్‌లో 1869 నుండి 1876 వరకు వెలువడిన మజల్లా అనే న్యాయస్మృతి హనఫీ ఫిఖహ్ ఆధారంగా ఈ భేదాన్ని స్పష్టంగా నిర్ణయించింది. మొదటివాడు పనికి సిద్ధంగా వచ్చి నిలబడితే చాలు, కూలికి హక్కుదారు అవుతాడు. రెండవవాడు పని చేసి చూపితేనే ప్రతిఫలానికి హక్కుదారు అవుతాడు.

ఈ చిన్న భేదం ఇంటి లెక్కను పూర్తిగా మార్చివేస్తుంది. రోజుకూలి పద్ధతిలో ఉదయం మేస్త్రీ, ఇద్దరు కూలీలు వచ్చారనుకోండి. సిమెంటు రాలేదు, లేదా వాన పట్టుకుంది. అయినా వారి రోజు మనకోసం గడిచింది కనుక కూలి ఇవ్వవలసిందే. ఆ నష్టం ఇంటివారిది. గుత్త పద్ధతిలో ఆ నష్టం గుత్తదారుది. అందుకే అతను చెప్పే మొత్తం కొంత ఎక్కువగా ఉంటుంది. ఆ అదనపు సొమ్ము ఊరికే పోయేది కాదు. సమన్వయ భారానికీ, నష్టభయానికీ, పర్యవేక్షణకూ అది వెల.

రెండింటిలోనూ మనిషి మనసును పరీక్షించే తావు ఉంది. రోజుకూలిలో పనిని సాగదీయాలనిపిస్తుంది. గుత్తలో త్వరగా ముగించాలనిపిస్తుంది. ఆ తొందరలో సిమెంటు పాలు తగ్గవచ్చు, తడిపే రోజులు తగ్గవచ్చు. కనుక ఏ పద్ధతి నిజాయితీ గలది అని అడగటం సరికాదు. మన ఇంట్లో ఏ బలహీనతను కాపలా కాయగలం అన్నదే అడగవలసిన ప్రశ్న.

ఈ రెండింటికీ మధ్య మరొక దారి మన ఊళ్లలో బాగా వాడుకలో ఉంది. అది లేబర్ కాంట్రాక్టు. సిమెంటు, ఇసుక, ఇనుము, బండలు ఇంటివారు తెస్తారు. పనికి మాత్రం అడుగు లెక్కనో, చదరం లెక్కనో మేస్త్రీతో ధర మాట్లాడుకుంటారు. సామగ్రి నాణ్యత మన చేతిలో ఉంటుంది, కూలి లెక్క ముందే తెలుస్తుంది. అయితే ఏ రోజుకు ఏమి కావాలో తెలిసి అంగడికి వెళ్లగల మనిషి ఇంట్లో ఉండాలి. సామగ్రి తనది కాదు కనుక మేస్త్రీ దాన్ని పొదుపుగా వాడతాడని అనుకోవద్దు. బస్తాల లెక్క ప్రతి సాయంత్రం వ్రాసుకోవాలి.

కె.సి. కాలువ చెప్పే పాఠం

కర్నూలునూ కడపనూ కలిపే కె.సి. కాలువ మనకు నిత్యం కనిపించేదే. సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరే ఈ కాలువను మొదట త్రవ్వించింది ప్రభుత్వం కాదు, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ఆనాటి ప్రభుత్వం ఆ కంపెనీకి ఒక హామీ ఇచ్చింది. పది లక్షల పౌండ్ల మూలధనంపై ఏటా 5 శాతం వడ్డీ తప్పక ముట్టజెబుతామన్నది. 1863లో త్రవ్వకం మొదలైంది. అంచనాలు దాటిపోయాయి. హామీ ఇచ్చిన ప్రభుత్వమే అదనంగా అప్పు కూడా ఇవ్వవలసి వచ్చింది. కాలువ పారింది గాని, మెట్టపైర్లకు అలవాటుపడిన రైతులు ఆశించినంతగా నీరు తీసుకోలేదు. రాబడి రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కున్నది.

పని ఎలా జరిగినా సొమ్ము తప్పక వస్తుందని ముందే తెలిస్తే, జాగ్రత్తపడవలసిన అవసరం మనిషికి తగ్గుతుంది. అప్పుడు నష్టమంతా హామీ ఇచ్చినవారి మీద పడుతుంది. ఇంటి విషయంలోనూ ఇంతే. సగానికి పైగా సొమ్ము మొదటే చేతిలో పెట్టి, "అంతా మీరే చూసుకోండి" అనటం ఆ కంపెనీకి ఇచ్చిన హామీ వంటిదే. గుత్త తప్పు కాదు. ముగిసిన పనికీ చెల్లించే సొమ్ముకూ ముడి లేకపోవటమే తప్పు.

తెలిసిన పని, తెలియని పని

ఇక సోదరి ప్రశ్నలోని అసలు చిక్కుకు వద్దాం. పాత మిద్దె మరమ్మతు కొత్త ఇంటి నిర్మాణం వంటిది కాదు. కొత్త గదిని కాగితంపై పూర్తిగా వర్ణించవచ్చు. పాత మిద్దెలో లోపల ఏముందో విప్పేదాకా ఎవరికీ తెలియదు. దూలాలకు చెద పట్టిందా, దంతెలు వంగాయా, గోడ సున్నంతో కట్టినదా, బంకమట్టితో కట్టినదా అన్నవి పైనుండి చూసి చెప్పగలిగేవి కావు. మన పెద్దలు ఏటా వానలకు ముందు మిద్దెపై చవుడు పోసేవారు. పాతది తీయకుండా కొత్తది పోస్తూపోతే ఆ బరువు ఏళ్ల తరబడి పెరుగుతుంది. దానిమీద కారుడు ఆపటానికని సిమెంటు కాంక్రీటు పరిస్తే, ముసలి దూలాలపై మరింత బరువు పడుతుంది. కారుడు ఆగవచ్చునేమో గాని కప్పుకే ప్రమాదం.

ఏమిటో తెలియని దాన్ని బేరం చేయటాన్ని మన ధర్మశాస్త్రం గరర్ అంటుంది. నీటిలో ఈదుతున్న చేపను పట్టకుండానే అమ్మటం దీనికి గ్రంథాల్లో చెప్పే ఉదాహరణ. విప్పి చూడని మిద్దెకు ఒకే మొత్తం చెప్పటం కూడా దాదాపు అలాంటిదే. చెప్పిన మొత్తం ఎక్కువైతే ఇంటివారికి నష్టం. తక్కువైతే గుత్తదారు నడుమలో పని ఆపి ఇంకా కావాలంటాడు, లేదా కంటికి కనిపించనిచోట తగ్గిస్తాడు. తగవులన్నీ అక్కడే పుడతాయి.

కనుక నా అభిప్రాయం ఇది. తెలియని పనిని రోజుకూలికి ఇవ్వండి, తెలిసిన పనిని గుత్తకు ఇవ్వండి. మొదట మీ పాత మేస్త్రీని నాలుగైదు రోజులు కూలికి పిలిచి, కారుతున్నచోట మట్టి తీయించండి. ఉబ్బిన గోడ పూత రాల్చి చూడమనండి. దానికి ముందే గోడకూ కప్పుకూ ఆనుకొమ్ములు పెట్టించండి. పిల్లలను ఆ గదులలోకి వెళ్లనీయకండి. అదే సమయంలో ఒక సివిల్ ఇంజనీరుకు రుసుము ఇచ్చి పిలిపించండి. అతను పని చేసేవాడు, సామగ్రి అమ్మేవాడు కాకూడదు. కప్పు నిలుస్తుందా, దించి శ్లాబు వేయాలా, వేస్తే ఈ గోడలు మోస్తాయా అన్నది అతను చూసి చెప్పాలి. ఆ మాటను కాగితంపై వ్రాయించుకోండి. అప్పుడు పని వర్ణనకు అందుతుంది. ఆ వర్ణనను మీ మరిది తెచ్చిన కాంట్రాక్టరుకూ, మరో ఇద్దరికీ ఇచ్చి ధర అడగండి. ముగ్గురూ ఒకే పనికి ధర చెబుతారు కనుక పోల్చటం వీలవుతుంది.

ఆ తర్వాత గుత్త ఎవరికి అవసరం? బేల్దారి, సెంట్రింగు, కరెంటు, పైపులు, వడ్రంగం, బండల పని, రంగులు ఒకదాని తర్వాత ఒకటి సాగవలసి ఉండి, వారందరినీ పిలిచి కుదిర్చే మనిషి ఇంట్లో లేనప్పుడు గుత్తదారు అవసరం. ఒకటి రెండు రకాల పనులే ఉండి, నిలబడి చూసుకునే మనిషి ఉంటే మేస్త్రీ చాలు. మీ ఇంట్లో కప్పు దించవలసి వస్తే గుత్తదారుకు ఇచ్చే అదనపు సొమ్ము వృథా కాదు. కప్పు నిలుస్తుందని తేలి, గోడ, పూత, నేల మాత్రమే చేయించాలంటే మీ అత్తగారి మాటే సబబు.

ఎవరిని ఎంచుకోవాలి?

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్‌యన్ చేరినప్పటి వృత్తాంతం అల్-ఖసస్ సూరాలో ఉంది. పనికి పెట్టుకోదగినవాడు బలమూ నమ్మకమూ కలవాడని అక్కడి పెద్దాయన కుమార్తె తండ్రికి సలహా ఇచ్చింది. ఆ పెద్దాయన ఎనిమిదేళ్లు పని చేయాలనీ, పదేళ్లు పూర్తిచేస్తే అది మూసా ఇష్టమనీ గడువును స్పష్టంగా చెప్పారు. తాను కష్టపెట్టదలచలేదనీ అన్నారు. సమర్థత, నమ్మకం, గడువు, కరుణ - ఈ నాలుగూ ఆ ఒక్క ఒప్పందంలో ఉన్నాయి. తగిన మనిషిని గుర్తించినది ఒక స్త్రీ అన్నది కూడా గమనించదగినది.

సమర్థత తెలియాలంటే అతను నిరుడు ముగించిన ఇంటిని కాదు, మూడు నాలుగు వానలు చూసిన ఇంటిని చూడండి. ఆ ఇంటి ఇల్లాలితో ఒంటరిగా మాట్లాడండి. "స్నానాలగది గోడ చెమ్మగిల్లుతోందా? పిలిస్తే మళ్లీ వచ్చాడా?" అని అడగండి. నమ్మకం తెలియాలంటే అతని కూలీలను అడగండి. వారికి సకాలంలో కూలి ఇవ్వనివాడు మీ పనిని సక్రమంగా చేస్తాడని ఆశించలేము.

వ్రాయించటం అవిశ్వాసం కాదు

"మనవాడే, కాగితం అడిగితే ఏమనుకుంటాడో" అన్న మొహమాటం మన కుటుంబాల్లో ఎక్కువ. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అల్-బఖరా సూరాలోని 282వది. అది గడువుతో కూడిన లావాదేవీలను వ్రాసుకోవటం గురించినది. విషయం చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా వ్రాయటానికి విసుగుచెందవద్దని, సాక్షులను పెట్టుకోవాలని, వ్రాసేవానికి గాని సాక్షికి గాని హాని చేయవద్దని అందులో ఆదేశాలున్నాయి. వ్రాయటం స్నేహాన్ని కాపాడుతుంది. మరచిపోయే స్వభావం గల మనుషులకు అది అల్లాహ్ చూపిన దారి.

సామగ్రి కూడా తానే తెచ్చి, వర్ణించిన ప్రకారం తయారుచేసి ఇచ్చే ఒప్పందాన్ని ఇస్తిస్నా అంటారు. కోరిన వస్తువును కోరినట్టు వర్ణించటం అందులో తప్పనిసరి. తయారైనది వర్ణనకు భిన్నంగా ఉంటే చేయించుకున్నవారు దాన్ని స్వీకరించకపోవచ్చునని మజల్లా చెబుతుంది. వర్ణన లేనిచోట ఆ హక్కును నిలబెట్టుకోవటం కష్టం. కనుక ఒప్పందంలో ఈ సంగతులు ఉండాలి.

ఏ గదిలో ఏమి చేస్తారు, ఏమి చేయరు అన్నది మొదట వ్రాయాలి. "ఇల్లు బాగుచేయుట" అన్న ఒక్క మాట చాలదు. సిమెంటు రకం, పూతలో సిమెంటు ఇసుకల పాళ్లు, ఇనుము మందం, వైర్ల రకం, ఎర్తింగు, నేలకు బేతంచెర్ల బండలా, కడప నల్లబండలా, టైల్సా, వాటి మందమెంత అన్నవి వ్రాయాలి. పాత దూలాలు, తలుపులు, బండలు ఎవరికి చెందుతాయో, మట్టిని ఎవరు ఎక్కడికి తరలిస్తారో వ్రాయాలి. పక్కింటి గోడకు నష్టం జరిగినా, కూలీకి గాయమైనా బాధ్యత ఎవరిదో వ్రాయాలి. నడుమలో మార్పు కావాలంటే ధరతో సహా ముందు వ్రాసుకొని తర్వాతే చేయాలి. పని మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉండాలి. ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకోవాలి. ఇల్లు నడిపేది మీరు కనుక ఆ కాగితంపై సోదరీ, మీ సంతకం కూడా ఉండాలి. హజ్రత్ ఖదీజా (రజియల్లాహు అన్హా) దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)ను తమ వ్యాపార సరకుతో సిరియాకు పంపినది స్వయంగా ఒప్పందం చేసుకొనే కదా!

మన మెట్టప్రాంతంలో నీటి ప్రస్తావన లేని ఒప్పందం అసంపూర్ణం. కాంక్రీటును తడిపేది ఎవరు, నీరు ఎవరిది అన్నది వ్రాయాలి. భారతీయ కాంక్రీటు నియమావళి ఐ.ఎస్. 456 ప్రకారం వేడి, పొడి వాతావరణంలో సాధారణ సిమెంటు కాంక్రీటును కనీసం 10 రోజులు, బూడిద వంటివి కలిసిన సిమెంటు కాంక్రీటును కనీసం 14 రోజులు తడిగా ఉంచాలి. మే నెలలో బోరు అడుగంటితే ఇది సాగదు. ఉప్పునీరు లోపలి ఇనుమును తినివేస్తుంది. తుఫాను వానలు వెళ్లిపోయి, ఎండలు ముదరని జనవరి, ఫిబ్రవరి నెలలు కప్పు పనికి అనువైనవి. రమజాన్ ఆ నెలల్లో పడితే దాన్ని కూడా లెక్కలోకి తీసుకొని గడువు నిర్ణయించుకోండి.

సొమ్ము, కూలి

చెల్లింపును మెట్లుగా విభజించండి. సామగ్రి తెచ్చుకోవటానికి కొంత బయానా ఇచ్చి, మిగిలినది కప్పు దించినప్పుడు, శ్లాబు పడినప్పుడు, పూత ముగిసినప్పుడు, తలుపులు బిగించినప్పుడు అంటూ ముగిసిన పనికి ఇవ్వండి. కొద్ది భాగాన్ని మొదటి వానాకాలం గడిచేదాకా ఉంచుకోవచ్చు. అయితే అది మొదటి రోజే ఇద్దరూ అంగీకరించి వ్రాసుకున్నదై ఉండాలి. పని ముగిశాక లేని షరతు పెట్టి సొమ్ము ఆపటం అన్యాయం. కొత్త శ్లాబు తగినంత గట్టిపడ్డాక నీరు కట్టి ఒకటి రెండు రోజులు పరీక్షించమని కూడా వ్రాసుకోండి. పాత మిద్దెపై మాత్రం ఈ పరీక్ష ఎన్నడూ చేయకండి, ఆ బరువును అది మోయలేదు.

కూలీల సంగతి మరువకూడదు. పశ్చిమ కర్నూలు పల్లెల నుండి పంటలు ఎండిన ఏళ్లలో కుటుంబాలకు కుటుంబాలే వలసపోతాయి. మన ఇంట్లో తట్ట మోసే తల్లి అటువంటి ఇంటి నుండి వచ్చి ఉండవచ్చు. చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధన మనకందరికీ తెలిసినదే. గుత్తకు ఇచ్చినంత మాత్రాన మన బాధ్యత తీరదు. కూలీలకు చల్లని నీరు, నీడ, మధ్యాహ్నపు విరామం, స్త్రీలకు మరుగు ఉన్నాయో లేదో ఇంటివారే చూడాలి. గోడ కట్టాక కిటికీ జరపమని, జరిపాక మళ్లీ వెనక్కి తెమ్మని ఉచితంగా చేయించుకోవటం కూడా కూలి ఎగవేయటమే.

సొమ్ము చాలకపోతే వడ్డీ అప్పు వైపు చూడకండి. పనిని విడగొట్టండి. ఈ ఏడు కప్పు, గోడ, కరెంటు వైర్లు. వచ్చే ఏడు నేల, రంగులు. కారే ఇంట్లో మెరిసే టైల్స్ వేయటం దుబారా. బంధువులు చూసి మెచ్చుకునేవి చివరకు రావాలి, ప్రాణం కాపాడేవి మొదట కావాలి.

ఇంత చేసినా తగవు వస్తే మొదట ఇరుపక్షాలకూ నమ్మకమైన పెద్దల ముందు కూర్చోండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. గృహనిర్మాణం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవ కిందకు వస్తుంది. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల లోపు ఉన్న వివాదాలను జిల్లా కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. కారణం ఏర్పడిన నాటి నుండి 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయాలి. అక్కడ మీ పక్షాన మాట్లాడేవి ఒప్పంద పత్రం, బ్యాంకు ద్వారా చెల్లించిన వివరాలు, ప్రతి దశలో తీసిన ఫోటోలు.

సోదరీ, అల్-కహఫ్ సూరాలో ఒరిగిపోతున్న ఒక గోడ ప్రస్తావన ఉంది. హజ్రత్ ఖిజర్ (అలైహిస్సలాం) కూలి అడగకుండా దాన్ని నిలబెట్టారు. దాని కింద ఇద్దరు అనాథ పిల్లల నిధి ఉంది, వారి తండ్రి సజ్జనుడు. ఆ పిల్లలు పెద్దవారయ్యేదాకా ఆ నిధి భద్రంగా ఉండాలని అల్లాహ్ సంకల్పించాడు. మీ వంటింటి గోడ వెనుక మీ భర్త ఆరేళ్ల కష్టం ఉంది, మీ పిల్లల నిద్ర ఉంది. అది మీ వద్ద అమానతు. మీ అత్తగారినీ, మరిదినీ ఒకచోట కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి: ముందు మన మేస్త్రీ విప్పి చూస్తాడు, తర్వాత ఇంజనీరు చెబుతాడు, ఆపైన గుత్త మాట మాట్లాడదాం. ఇద్దరి మాటా నిలుస్తుంది. మీ భర్తకు ఇంజనీరు కాగితాన్నీ, ఒప్పంద పత్రాన్నీ ఫోటో తీసి పంపండి. ఆయన అడిగే ప్రశ్నకు జవాబు అందులోనే ఉంటుంది. ఆ తర్వాత ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించండి. ఆయన మీ ఇంటిని శాంతికి నిలయం చేయుగాక. ఆమీన్.